కుర్రకారుకి ఈ దొంగల నవలలంటే ఇంత పిచ్చేమిటి?

ఎంవీపీ అమ్మ · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా వాడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. గురువారం రాత్రి ఒంటిగంటకి మంచినీళ్ళకని లేస్తే వాడి గదిలో దుప్పటి లోపల వెలుతురు. ఫోన్ అనుకుని దుప్పటి లాగాను. టార్చి, పుస్తకం. పుస్తకానికి బ్రౌన్ పేపర్ అట్ట, దాని మీద లేబుల్, లేబుల్ మీద గుండ్రటి అక్షరాలతో 'ఫిజిక్స్ పార్ట్ 2'. తెరిస్తే ఇంగ్లిష్ నవల. 'సిక్స్ ఆఫ్ క్రోస్' అట. ఆరుగురు కుర్రకారు కలిసి ఎవరూ చొరబడలేని కోటలోకి దొంగతనానికి పోతారట. తిట్లు తింటూనే కథంతా చెప్పాడు, అదీ కళ్ళు మెరిపిస్తూ.

పుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కందిపప్పు డబ్బాలో వేశాను.

మా ఆయన "దొంగలు హీరోలా?" అని రెండు రోజులుగా ఒకటే గోల. నాకా భయం లేదు, పక్కింటి పెరట్లో కరివేపాకు కోసుకు రమ్మంటేనే సిగ్గుపడే పిల్లాడు. నా సందేహం వేరు. నవలే చదవాలనిపిస్తే ఇన్ని రకాలుండగా ఇవే ఎందుకు? క్లాసులో సగం మంది చేతులు మారిందట ఆ పుస్తకం. ఏముంది అందులో? చదివినవాళ్ళుంటే చెప్పండి.

మురీమిక్చర్ · రాత్రి 9:52

ఈ కాలంలో దుప్పటి కింద ఫోన్ కాకుండా పుస్తకం దొరికిందంటే మీ వాడికి ఆర్కే బీచ్‌లో నా తరఫున ఒక మురీ మిక్చర్. అంతకు మించి నా దగ్గర విషయం లేదు.

సగం నవల · రాత్రి 10:15

ఆ పుస్తకం నాకు తెలుసండి. లీ బార్డుగో అనే అమెరికన్ రచయిత్రిది, 2015లో వచ్చింది. నేనూ తెలుగులో అలాంటిదొకటి రాస్తున్నాను (మూడేళ్ళుగా 112వ పేజీలోనే ఉన్నాను, దయచేసి ఎవరూ అడగొద్దు). నాకు అర్థమైంది చెప్తాను.

మామూలు థ్రిల్లర్‌లో ఎవరు చేశారన్నది ప్రశ్న. ఇందులో ఎవరు చేస్తారో, ఏం చేస్తారో మొదటే చెప్పేస్తారు. ఎలా చేస్తారన్నదొక్కటే తెలియదు. ఆ కోటకి ఎన్ని గోడలు, ఎన్ని గేట్లు, కాపలా ఎప్పుడు మారుతుంది, అన్నీ ముందే మన ముందు పరుస్తారు. చదివేవాడు కూడా 'నేనైతే ఇటు నుంచి వెళ్తాను' అని లోపల లెక్కేసుకుంటూ ఉంటాడు. డిటెక్టివ్ నవల చదివేటప్పుడు మనం డిటెక్టివ్ వెనక నడుస్తాం. ఇక్కడ నేరుగా ముఠాలో చేరిపోతాం, ఆరుగురిలో ఏడోవాళ్ళం.

ఇంకో కిటుకుంది. ఈ రకం కథల్లో ప్లాన్ అంతా మనకి ముందే విప్పి చెప్పారంటే అది పారదు. చెప్పకుండా దాచారంటే పారుతుంది. చెప్పింది చెప్పినట్టే జరిగితే ఒకే కథని రెండుసార్లు చదివినట్టు కదా! అందుకే 'తూర్పు గేటు దగ్గర కాపలావాడు తొమ్మిదింటికి టీకి వెళ్తాడు' అని చదవగానే ఆరితేరిన పాఠకుడికి తెలిసిపోతుంది, ఇవాళ వాడు టీకి వెళ్ళడని. అప్పుడేం చేస్తారు? ఆ టెన్షన్‌లో పుస్తకం మూయలేం. గురువారం రాత్రి ఒంటిగంటకి మీ వాడు సరిగ్గా అలాంటి గేటు దగ్గరే ఉండి ఉంటాడు. అక్కడ పుస్తకం లాక్కోవడం పాపమండీ.

గాజువాక గోల · రాత్రి 10:31

అన్నీ ఇంగ్లిష్‌వే చెప్తారేం? మేం స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగాం. అద్దె పుస్తకాల షాపులో రోజుకి అర్ధరూపాయి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో. చివరి పేజీలు ఎవడో చింపేసి ఉంటే వాడిని తిట్టుకుంటూ ముగింపు మేమే అల్లుకునేవాళ్ళం. మాకూ మా అమ్మ తాళాలేసింది. ఏటైపోయాం? ఉద్యోగాలు చేసుకుంటున్నాం.

ఒక్కటి మాత్రం నిజం. చందమామ వయసు దాటాక, పెద్దవాళ్ళ నవలల వయసు రాకముందు, ఆ మధ్యలో నాలుగేళ్ళున్నాయి చూడండి, పద్నాలుగు నుంచి పద్దెనిమిది. ఆ వయసువాడి కోసమని ఎవరైనా కూర్చుని తెలుగులో రాసింది నా చేతికి దాదాపు రాలేదు. షాడో కూడా పెద్దవాళ్ళ కోసం రాసిందే, మేం దొంగతనంగా చదివాం. మీ వాడు ఇంగ్లిష్‌కి పోవడంలో వింతేముంది?

తాళంచెవుల తాతయ్య · రాత్రి 10:58

నేను ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు క్యాష్‌లోనే. మా మనవరాలు ఈ రకం పుస్తకాలు చదివి నన్ను తెగ విసిగిస్తుంది. "తాతయ్యా, స్ట్రాంగ్ రూమ్‌లోకి ఎలా వెళ్ళాలి?" అని.

దానికి నేను చెప్పేదే మీకూ చెప్తాను. స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు. ఒకటి ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ఇద్దరూ ఎదురుగా ఉంటేనే తలుపు. దీన్ని జాయింట్ కస్టడీ అంటాం. డూప్లికేట్ తాళాలు మా బ్రాంచిలో ఉండనే ఉండవు, సీలు వేసి వేరే బ్రాంచిలో పెడతాం. ఎందుకంటే బయటివాడి కోసం వేసిన తాళం కన్నా లోపలివాడి కోసం వేసిన తాళం ముఖ్యం. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్లేదు.

ఒకసారి ఏమైందంటే, రెండో తాళం ఉన్న ఆఫీసరు దాన్ని ప్యాంటు జేబులో మర్చిపోయి భీమిలిలో బంధువుల పెళ్ళికి వెళ్ళిపోయాడు. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. కౌంటర్ ముందు పెన్షన్ జనం. మా అటెండరు స్కూటర్ మీద భీమిలి పోయి, పెళ్ళిపందిట్లో వెతికి, పెళ్ళికొడుకు బావగారిని పట్టుకుని... పదకొండున్నరకి తెరుచుకుంది తలుపు. ఆఫీసరు నుదుటి మీద పసుపు బియ్యం ఇంకా అలాగే ఉన్నాయి. ఈ సంగతి చెప్తే మా మనవరాలు కిందపడి నవ్వింది. "తాతయ్యా, మీ బ్యాంకుని దోచుకోవాలంటే ఒక పెళ్ళి చేస్తే చాలు" అంది. ముప్పై నాలుగేళ్ళలో మా ఇన్‌స్పెక్షన్ వాళ్ళకి తట్టని మాట అది!

పెదవాల్తేరు పంతులమ్మ · రాత్రి 11:20

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఎంవీపీ అమ్మగారూ, ఈ రకం కథలు మనకేమీ కొత్త కాదని మీవారికి చెప్పండి.

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో మూడో అంకమంతా ఒక కన్నం. శర్విలకుడనే బ్రాహ్మణ యువకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ఊరికే వేయడు, గోడ ముందు నిలబడి ఏ ఆకారంలో వేయాలా అని ఆలోచిస్తాడు. విచ్చిన పద్మంలా? సూర్యుడిలా? చంద్రవంకలా? బావిలా? స్వస్తికంలా? చివరికి, కాల్చిన ఇటుక గోడ కాబట్టి పూర్ణకుంభమే శోభిస్తుందని తేలుస్తాడు. కొలతాడు మర్చిపోయాడు. జంధ్యం తీసి కొలుస్తాడు. తీరా దొంగతనం ఎందుకు? వసంతసేన అనే వేశ్య దగ్గర దాసిగా ఉన్న మదనికని డబ్బు కట్టి విడిపించుకోవడానికి. ఈ పాఠం చెప్పిన రోజు నా క్లాసులో ఒక్కడూ ఫోన్ తీయడు.

ఇక దండి రాసిన దశకుమార చరితం. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు. అందులో అపహారవర్మ అనే కుర్రాడి సంచి విప్పితే చూడాలి మీరు: కత్తెర, పటకారు, కొలతాడు, ఒక ఉత్తుత్తి తలకాయ, పురుగుల డబ్బీ. కన్నంలో ముందు ఆ తలకాయ దూర్చాలి. లోపల ఎవడైనా కర్రతో పొంచి ఉంటే దెబ్బ దానికి తగులుతుంది. డబ్బీలో పురుగుల్ని వదిలితే అవి పోయి దీపం మీద పడి ఆర్పేస్తాయి. వెయ్యేళ్ళ పైబడ్డ సరుకు ఇది. కథలో కుర్రాళ్ళు కూడా ఆరుగురు కాదు, పదిమంది.

మురీమిక్చర్ · రాత్రి 11:24

పురుగుల డబ్బీ!! మేడమ్, మీ కాలేజీలో సీట్లున్నాయా?

బైపీసీ బాధితురాలు · ఆదివారం, ఉదయం 7:05

నేను ఇప్పుడు డిగ్రీ ఫస్టియర్. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో ఉండి చదివాను, ఏ కాలేజీ అన్నది వద్దు. ఆ పుస్తకం అక్కడ మా ఫ్లోరంతా తిరిగింది, దాని రెండో భాగం కూడా. ఇక్కడ పెద్దవాళ్ళంతా ప్లాన్, తాళాలు, కన్నాల గురించి మాట్లాడుతున్నారు. మాకు నచ్చింది అది కాదు.

మాకు ప్రతి ఆదివారం పరీక్ష. మంగళవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఒకటి నుంచి 240 దాకా, ఒకే కాగితం మీద, పై నుంచి కిందికి. నువ్వెవరన్న దానికి అదొక్కటే జవాబు. ఫోన్లో అమ్మ అడిగేదీ అదే. ఆ పుస్తకంలో ఆరుగురున్నారు. ఒకడు కుంటుతూ కర్రసాయంతో నడుస్తాడు, వాడే నాయకుడు, పదిహేడేళ్ళు. ఒకమ్మాయి చప్పుడు కాకుండా గోడలెక్కుతుంది. ఒకడు గురి తప్పడు, కానీ జూదం పిచ్చి. ఒకరికైతే అక్షరాలు చదవడమే రాదు (ఎవరో చెప్పను). వాళ్ళని వరసలో నిలబెట్టి ర్యాంకులివ్వడం కుదరదు. ఆరుగురిలో ఎవరు లేకపోయినా పని జరగదు, అంతే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక అది చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. దొంగతనం కథ చదువుతూ ఎవరైనా ఏడుస్తారా?

మేం నలుగురం ఒక ప్లాన్ వేశాం. మెస్ స్టోర్‌లో ఒక పెద్ద ఆవకాయ జాడీ ఉండేది, అది స్టాఫ్‌కి మాత్రమే. మాకు నీళ్ళ చట్నీ. ఆ జాడీని ఎలా తేవాలన్నది ప్లాన్. రఫ్ నోట్‌బుక్‌లో మ్యాప్ గీశాం. ఒకమ్మాయికి కీచైన్‌తో బోల్టు తీయడం వచ్చు. నాకు స్టోర్ అంకుల్‌తో శ్రీకాకుళం యాసలో కబుర్లు పెట్టడం వచ్చు, ఆయనదీ మా వైపే. ఇంకొకమ్మాయికి ర్యాంకు 231. క్లాసులో ఎవరూ దాన్ని ఏదీ అడగరు. ఆ రోజు నెమ్మదిగా అంది: "వార్డెన్ మేడమ్ ఎడమ చెప్పు ఈడుస్తారు. మెట్ల మీద అయితే రెండో అంతస్తులో ఉండగానే నాకు వినిపిస్తుంది. నేను కాపలా ఉంటా." మాకెవ్వరికీ అది తెలియదు. రెండేళ్ళుగా అదే మెట్ల కింద ఉన్నాం.

జాడీ తేలేదు లెండి. ప్రీ ఫైనల్స్ వచ్చేశాయి. కానీ ఆ వారమంతా ఆ కాపలా అమ్మాయి క్లాసులోకి వస్తుంటే మేం ముగ్గురం జరిగి చోటిచ్చేవాళ్ళం.

సగం నవల · ఉదయం 8:12

నేను రాసిన 112 పేజీలు ఈ చెప్పుల చప్పుడు ముందు దిగదుడుపు. వాడుకోవచ్చా తల్లీ?

బైపీసీ బాధితురాలు · ఉదయం 8:20

వాడుకోండి అన్నయ్యా. జాడీ మాత్రం మార్చకండి.

లాఠీ వారి అమ్మాయి · ఉదయం 9:47

అందరూ మురిసిపోతున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు వేస్తాను. మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఒకప్పుడు ఊళ్ళో ఒక నగల షాపులో దొంగతనం జరిగింది. మొదట తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది ఎవరినో తెలుసా? వాచ్‌మన్‌ని. నాలుగు రోజులు కూర్చున్నాడు. వాళ్ళావిడ రోజూ క్యారేజీ తెచ్చేది. అతనికేమీ తెలియదని తేలింది. అప్పటికే షాపువాళ్ళు ఇంకో వాచ్‌మన్‌ని పెట్టుకున్నారు. నాన్న ఈ సంగతి ఇప్పటికీ చెప్తారు, దొంగ దొరికిన సంగతి మాత్రం అంతగా చెప్పరు.

ఈ నవలల్లో వాచ్‌మన్ ఒక అడ్డంకి, అంతే. తల మీద ఒకటి వేస్తారు, మూర్ఛపోతాడు, పేజీ తిరిగిపోతుంది. నిజంలో? 1990 మార్చి 18న బోస్టన్‌లో గార్డ్‌నర్ మ్యూజియంలో ఇద్దరు దొంగలు పోలీసు యూనిఫాంలో వచ్చి గార్డులిద్దరినీ టేపుతో కట్టి బేస్‌మెంట్లో పడేసి 13 కళాఖండాలు పట్టుకుపోయారు. ఈ రోజుకీ ఒక్కటీ దొరకలేదు, గోడల మీద ఖాళీ ఫ్రేములు అలాగే ఉంచారు. ఆ ఫ్రేముల గురించి అందరూ రాస్తారు. పిల్లల్ని చదవొద్దని నేననను, నేనూ చదివాను. కానీ ఒక్కసారైనా వాళ్ళు 'తెల్లారి ఆ గార్డు ఇంటికెళ్ళి ఏం చెప్పి ఉంటాడు?' అని అడగాలి కదా.

తాళంచెవుల తాతయ్య · ఉదయం 10:05

మంచి మాట అమ్మా. క్యాష్‌లో వెయ్యి తగ్గితే ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నిజం దొంగతనాలు నవలల్లా ఉండవని మా మనవరాలికి ఇంకోటి చెప్తుంటాను. 2003లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో నేలమాళిగ వాల్ట్‌లోంచి వంద పైగా లాకర్లు ఖాళీ చేశారు, పది కోట్ల డాలర్ల సొత్తని అంచనా. సెన్సర్లు, కెమెరాలు, తాళాలు, అన్నీ దాటారు. దొరికింది దేనివల్ల? రోడ్డు పక్కన పారేసిన చెత్త సంచి. అందులో సగం తిన్న శాండ్‌విచ్. దాంతో ముఠా నాయకుణ్ణి పట్టుకున్నారు. మా మనవరాలు దీనికి కూడా "వాళ్ళ టీమ్‌లో చెత్త పారేయడం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరన్నమాట, అమ్మమ్మని తీసుకెళ్ళాల్సింది" అంది.

పెదవాల్తేరు పంతులమ్మ · ఉదయం 10:40

లాఠీ వారి అమ్మాయీ, మీరడిగిన ప్రశ్న శూద్రకుడు అడిగాడమ్మా. నిన్న నేను సగమే చెప్పాను. శర్విలకుడు ఎత్తుకుపోయిన నగలు చారుదత్తుడివి కావు, వసంతసేన దాచమని ఇచ్చినవి. తెల్లారి లేచి చారుదత్తుడు ముందు ఆ కన్నాన్ని చూసి ఎంత బాగా వేశాడో అని మెచ్చుకుంటాడు, దొంగ వట్టి చేతులతో పోలేదని సంతోషిస్తాడు కూడా. అంతలో గుర్తొస్తుంది, అవి పరాయి సొత్తని. పేదవాడు, దొంగలెత్తుకుపోయారంటే ఎవరు నమ్ముతారు? కూలబడిపోతాడు. అప్పుడు భార్య ధూత తన పుట్టింటి రత్నాల హారం తీసి పంపుతుంది, ఆయన మాట పోకూడదని. ఆమె చేసిన తప్పేమీ లేదు. అంటే దొంగ చాతుర్యం, ఇంటివాళ్ళ గతి, రెండూ ఒకే అంకంలో పెట్టాడు మహానుభావుడు. క్లాసులో కన్నం దగ్గర నవ్విన పిల్లలే హారం దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తారు.

కాబట్టి ఎంవీపీ అమ్మగారూ, దొంగల కథ చదివితే దొంగబుద్ధి వస్తుందన్నది తప్పు. ఆ కథలో ఎవరెవరిని చూపించారన్నదే చూడాలి. ఇంతకీ ఆ పుస్తకం మీరు చదివారా?

సగం నవల · ఉదయం 11:15

నా నవలలో వాచ్‌మన్‌కి పేరు కూడా పెట్టలేదు. ఇప్పుడే చూసుకున్నాను, సిగ్గేసింది.

నా కథ ఇదీ: బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది కదా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబొకటి అక్కడ ఉంది. ఐదుగురు కుర్రాళ్ళు దాన్ని ఎత్తుకుపోవాలనుకుంటారు. ఎందుకో చెప్తే కథ పోతుంది. కైలాసగిరి రోప్‌వే, ఎదురుగా సముద్రం, పక్కనే కురుసుర సబ్‌మెరైన్, అన్నీ వాడాను. వాడనిది రాత్రంతా అక్కడ కుర్చీలో కూర్చునే మనిషిని. 40వ పేజీలో "ఒక కాపలావాడు నిద్రపోతున్నాడు" అని రాసి వదిలేశాను. నా ముడి 112వ పేజీలో ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

గాజువాక గోల · ఉదయం 11:21

బాంబు ఎత్తుకుపోయి ఎవరికి అమ్ముతార్రా బాబూ? పూర్ణా మార్కెట్లో తూకానికి వేస్తారా?

ఎంవీపీ అమ్మ · మధ్యాహ్నం 12:30

అందరికీ చాలా థాంక్స్. పొద్దుటి నుంచి వంట చేస్తూ మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. హాస్టల్ అమ్మాయి రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, పేపర్ మడిచి పెట్టారు. నేనూ ఫోన్ చేసినప్పుడల్లా మా అక్క కూతుర్ని మొదట అడిగేది ర్యాంకే.

పంతులమ్మగారూ, నిజం చెప్పాలంటే చదవలేదు. మొదటి రెండు పేజీలు చూసి తాళం వేశాను. భోజనాలయ్యాక తీసి చదువుతాను.

ఎంవీపీ అమ్మ · మధ్యాహ్నం 2:48

బీరువా తీశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి కందిపప్పు డబ్బాలోనే ఉంది. పుస్తకం కూడా నేను పెట్టిన చోటే, పట్టుచీరల కింద. బ్రౌన్ పేపర్ అట్ట, లేబుల్, 'ఫిజిక్స్ పార్ట్ 2'.

తెరిచాను. ఫిజిక్స్ పార్ట్ 2.

మురీమిక్చర్ · మధ్యాహ్నం 2:49

!!!!!!

సగం నవల · మధ్యాహ్నం 2:53

అట్ట విప్పి రెండో పుస్తకానికి వేశాడు. లావు సరిపోయిందా?

ఎంవీపీ అమ్మ · మధ్యాహ్నం 2:58

సరిపోలేదు. అడుగున చందన బ్రదర్స్ క్యాలెండర్ మడిచి పెట్టాడు. వాడు ఇంట్లో లేడు, ట్యూషన్‌కి వెళ్ళాడు. నాకు కోపం రావాలి కదా? రావట్లేదు. కానీ ఎలా? శుక్రవారం, శనివారం నేను వంటింట్లోంచి కదల్లేదు. డబ్బా మీద చెయ్యి వేస్తే నాకు తెలియదా?

తాళంచెవుల తాతయ్య · మధ్యాహ్నం 3:04

అమ్మా, ఆ డబ్బాలో ఉన్నది ఒక తాళంచెవి. గోద్రెజ్ బీరువా కొన్నప్పుడు రెండిస్తారు. డూప్లికేట్ ఏ బ్రాంచిలో ఉంది?

ఎంవీపీ అమ్మ · మధ్యాహ్నం 3:06

మా అత్తయ్యగారి దగ్గర.

బైపీసీ బాధితురాలు · మధ్యాహ్నం 3:07

నానమ్మ!!! అయ్యో, నాకు ఆ టీమ్‌లో చేరాలనుంది.

ఎంవీపీ అమ్మ · మధ్యాహ్నం 3:15

వెళ్ళి అడిగాను, "అత్తయ్యా, మీ బీరువా తాళంచెవి ఎక్కడుంది?" అని. టీవీ సౌండ్ పెంచారు.